కాగితం లేని మంచం

మా నానీ మంచానికి కాగితాలు లేవు. ఎవరి మంచానికైనా ఉంటాయా అని మీరు నవ్వొచ్చు. ఇప్పుడు మేమూ నవ్వుతున్నాం. నిరుడు ఎండాకాలం పాకాలలో మాత్రం నవ్వలేదు. పది రోజుల పాటు ఒక పాత మంచం మా ఇంట్లో ఎవరినీ నిద్రపోనివ్వలేదు.

మేమంటే ముగ్గురం తోబుట్టువులం, మా అమ్మీ. మాలో ఒకరికి పత్రికలో ఉద్యోగం. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నది ఆ చెయ్యే. మా మామూ పోయాక స్టేషను దగ్గరి నానీ ఇల్లు అమ్మకానికొచ్చింది. సామాను పంచుకునే రోజు రాగి దేగ్చీలు ఒకరికి, కుట్టుమిషను ఒకరికి, గోడగడియారం ఒకరికి పోయాయి. మంచం దగ్గరికి వచ్చేసరికి అందరం ఆగిపోయాం. ఆరడుగులకు పైన పొడవు, నాలుగున్నర వెడల్పు. విప్పకుండా ఏ తలుపులోంచీ పోదు. ఒక కోడు అడుగున నాలుగంగుళాలు చెమ్మకు కుళ్ళిపోయి, ఇటుక ముక్క మీద నిలబడి ఉంది. ఒక పక్క పట్టె కోడులోంచి ఊడితే మామూ ఎప్పుడో ఇనప తీగతో బిగించి కట్టాడు. కూర్చుంటే కిర్రుమంటుంది, లేస్తే ఇంకోసారి కిర్రుమంటుంది.

పాత సామాను కొనే మనిషిని పిలిచాం. అతను మంచం చుట్టూ ఒకసారి తిరిగి, కూర్చుని, బండి తాళంచెవితో పట్టె అంచు గీకాడు. ఎర్రగా పొడి రాలింది. వేలికి అద్దుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మా మొహాలు చూశాడు. గోడ మీది మక్కా పటం చూశాడు.

"ఎర్రచందనం మాదిరుండాది బాయ్. నాకొద్దు. మీరు గూడా రవంత జాగర్త" అని బండెక్కి పోయాడు.

అతను చెడ్డవాడేమీ కాదు. మంచి కోరే ఆ మాట అన్నాడు. కానీ ఆ మాట వేరే ఊళ్ళో అయితే ఒక చెట్టు పేరు, మా వైపు అది కేసు పేరు. ఎర్రచందనం ప్రపంచం మొత్తం మీద దానంతటది అడవిగా పెరిగేది ఈ తూర్పు కనుమల దక్షిణపు కొసనే. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండ. అంటే పాత చిత్తూరు, కడప, నెల్లూరు జిల్లాల రాళ్ళ నేల. మెల్లగా పెరుగుతుంది, చేవ పట్టడానికి దశాబ్దాలు తీసుకుంటుంది. ఒకప్పుడు డచ్చివాళ్ళూ ఇంగ్లీషు కంపెనీవాళ్ళూ బట్టలకు రంగు అద్దుకోవడానికి దీన్ని ఓడల్లో వేసుకుపోయారు. జపాను వాళ్ళు తంతి వాద్యాలు చేసుకుంటారు. మా హకీముల మందుల చిట్టాలో దీని పేరు సందల్ సుర్ఖ్. 1995లో అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ పట్టికలోకి ఎక్కింది. ఇంట్లో ఉంచుకోవాలన్నా, ఊరు దాటించాలన్నా అనుమతి కావాలి. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. తమిళనాడు నుంచి వచ్చినవాళ్ళు.

ఆ రోజు మేం డెస్కులో ఉన్నాం. శవాల పక్కన దుంగలు పడి ఉన్న ఫొటోలు వచ్చాయి. మొదటి కాపీలో 'స్మగ్లర్లు' అని కొట్టింది మా వేళ్ళే. సాయంత్రానికి 'కూలీలు' అని మార్చాం. మధ్యాహ్నానికీ సాయంత్రానికీ మధ్య చెక్క మారలేదు, మనుషులూ మారలేదు. మేం రాసిన మాట మారింది. అందుకే ఎర్రచందనం అనగానే మాకు అడవి కంటే ముందు ఆ కంప్యూటరు తెర గుర్తుకొస్తుంది.

మామూ కొడుక్కి ఆ తెర సంగతి బాగా తెలుసు. ఆ రాత్రి తలుపు దగ్గరికి వేసి మెల్లగా అన్నాడు.

"మనింట్లో దొరికితే మంచం అని రాయరు భయ్యా, దుంగ అని రాస్తారు. మన పేరు హెడ్డింగులో ఎట్లా వేస్తారో నీకు తెలీదా? రంపం తెస్తా. తెల్లారేలోగా ముక్కలు చేసి నీళ్ళ పొయ్యిలో వేసేద్దాం."

సిగ్గుపడాల్సిన సంగతి ఏమిటంటే మాలో ఎవరమూ వెంటనే వద్దనలేదు. డిగ్రీలు చదివాం. చరిత్ర, రాజనీతిశాస్త్రం పరీక్షలు రాసి పాసయ్యాం. రాజ్యాంగం మీద వ్యాసాలు రాశాం. అయినా ఆ గదిలో నలుగురం మంచం వైపు దొంగసొత్తును చూసినట్టు చూశాం.

మా సెక్యులర్ మిత్రులకు తర్వాత ఈ కథ చెబితే ఒకాయన అడిగాడు: "ఇంతకీ ఎవరైనా వచ్చారా? సోదా చేశారా?" లేదు. ఎవరూ రాలేదు. ఎవరూ అడగలేదు. పోలీసులు రాలేదు, ఫారెస్టువాళ్ళు రాలేదు, పక్కింటి రెడ్డిగారు వచ్చి మామిడికాయలు ఇచ్చిపోయారు. "మరెందుకు భయం?" అన్నాడాయన. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. ఎవరూ అడగకుండానే మా అంతట మేమే ముద్దాయిల్లా జవాబులు వెతుక్కోవడం ఎప్పుడు నేర్చుకున్నామో మాకే తెలీదు. ఆ చదువు ఇళ్ళల్లో చెప్పరు. గాలిలో వస్తుంది.

అడ్డుపడింది అమ్మీ ఒక్కతే. లేచి వెళ్ళి మంచం మధ్యలో కూర్చుంది. కిర్రుమంది.

"మై ఇసీచ్ పలంగ్ పో పైదా హుయీ. జలానా హై తో మేరేకో భీ సాత్ డాలో."

ఈ మంచం మీదే పుట్టాను, కాల్చేట్టయితే నన్నూ అందులో వేయండి అని. మట్టిలోకి పోయే మా ఇళ్ళల్లో మనిషిని కాల్చే మాట తిట్టు కంటే పెద్దది. మామూ కొడుకు తలుపు తీసుకుని బయటికి పోయాడు. రంపం మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ మంచం నానీకి జహేజ్‌లో వచ్చింది. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం పుట్టలేదు. పీలేరులో చేయించి, నాలుగు కోళ్ళూ పట్టెలూ విడివిడిగా గోనెలు చుట్టి, మీటరుగేజి రైలు బ్రేకు వ్యానులో పాకాలకు పంపారట. నానా రైల్వేలో పనిచేసేవాడు కాబట్టి దించుకోవడానికి మనుషులకు కరువు లేదు. పాకాల అంటే అప్పటికి జంక్షనే ఊరు, ఊరే జంక్షను. ధర్మవరం వైపు ఒక దారి, కాట్పాడి వైపు ఒకటి, తిరుపతి మీదుగా గూడూరుకు ఒకటి. ఆ మీటరుగేజి పట్టాలు ఇప్పుడు లేవు.

మంచం మాత్రం దించిన గది దాటలేదు. మద్రాసు రాష్ట్రంలో దిగింది. 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి, 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయింది. 2022లో పాకాల చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు మారింది. మంచం కదలకుండానే చిరునామాలు మారాయి. మేం హైదరాబాదులో ఉద్యోగానికి చేరిన కొత్తలో ఉర్దూ మాట్లాడగానే "మీరు నైజాం వాళ్ళా?" అనేవాళ్ళు. మా వైపు ఏలింది ఆర్కాటు నవాబు, 1801లో అది కంపెనీ చేతికి పోయింది, 1911 దాకా మేం ఉత్తర ఆర్కాటు జిల్లా అని చెబితే, అంత జవాబు ఎవరడిగారన్నట్టు చూసేవాళ్ళు. పాకాలలోనేమో "మీ తెలుగు బాగుంది బాయ్, యాడ నేర్చుకున్న్యారు?" అనేవాళ్ళు. ఎక్కడ నేర్చుకుంటాం? వాళ్ళ పక్క బెంచీలోనే.

2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చిన చలికాలం చాలా ముస్లిం ఇళ్ళల్లాగే మా ఇంట్లోనూ రేకుపెట్టె దించారు. నానా పెన్షను కాగితాలు దొరికాయి. నానీవి ఏవీ లేవు. పుట్టిన తేదీ కాగితం లేదు, బడికి పోయిన ఆనవాలు లేదు, నిఖానామా మడతల దగ్గర పురుగు తిని అద్దంలా పలచబడింది. ఆమె ఈ నేల మీద బతికిందనడానికి ఇంట్లో మిగిలింది మేమూ, ఈ మంచమూ. మమ్మల్ని పక్కన పెడితే మంచం.

రెండు రోజులు ఆలోచించి ఆచారిని పిలుచుకొచ్చాం. బజారు వీధిలో రేకుల షెడ్డు ఆయనది. మసీదులో జనాజా మోసే డోలా వాళ్ళ నాయన చేసిందే. పీర్ల చావిడిలో పంజాలు పెట్టే పెట్టె కూడా వాళ్ళ చేతి పనే. ఇప్పుడు పనంతా ప్లైవుడ్ తలుపులూ, వంటింటి అల్మారాలూ. "చెక్క వాసన చూసి ఎన్నాళ్ళాయ" అంటూ వచ్చాడు. అమ్మీ కంటే నాలుగేళ్ళు చిన్న. ఆమెను అక్కా అంటాడు.

సంగతి చెప్పాం. ఎర్రచందనం అనే మాట మేం కాస్త గొంతు తగ్గించి అన్నాం. ఆయన తగ్గించలేదు.

"యెవురు జెప్పింది? పైరంగు జూసి చెక్క పేరు జెప్పేటోడు బ్రోకరు. తిరగెయ్యండి."

తిరగేశాం. మంచాన్ని అలా బోర్లా చూడడం మాకు అదే మొదటిసారి. దుమ్ము, సాలెగూళ్ళు, బెజ్జాల సందుల్లో ఎన్నో ఏళ్ళ నల్లుల మరకలు. ప్రతి వేసవికీ నానీ ఆ సందుల్లో మరిగే నీళ్ళు పోసేది. మేం చిన్నప్పుడు చీపురుపుల్లతో నల్లుల్ని తీసేవాళ్ళం. కోళ్ళ మీదా, పట్టెల చివరలా ఉలితో కొట్టిన గాట్లున్నాయి. ఒకచోట ఒకటి, ఒకచోట రెండు, మూడు, నాలుగు. బిడ్డ పుట్టినప్పుడల్లా నానా ఒక గాటు పెట్టాడని అమ్మీ మాకు చెప్పేది. ఆచారి నవ్వాడు. ఏ పట్టె ఏ కోడులోకి పోవాలో తెలిసేందుకు చేసినవాడు పెట్టుకున్న గుర్తులవి. ఒంటి గాటు పట్టె ఒంటి గాటు కోడులోకి, రెండు గాట్లది రెండు గాట్ల దాంట్లోకి. చేతిపని కాబట్టి ఏ రెండు బెజ్జాలూ ఒకలా ఉండవు, కలగాపులగం చేస్తే బిగవవు. అమ్మీ ఒప్పుకోలేదు. "మేం నలుగురమే కదా పుట్టింది" అంది. నిజమే, నలుగురే.

ఆచారి పట్టె అడుగున, ఎవరి కంటా పడని చోట, చిత్రికతో రెండు పట్లు పట్టాడు. మొదటి పట్టుకు ఎర్ర పొడి లేచింది. రెండో పట్టుకు ఎరుపు పోయింది. కింద తేనె రంగు, అందులో ముదురు చారలు. "ఇదీ చెక్క. పైన కనపడిందంతా కావి. ఆ కాలంలో కావి నూరి పూసి, దానిమింద లక్క పాలీసు కొట్టేటోళ్ళు. రోజువుడ్డు మాదిరి కనపడాలని, పెండ్లి మంచం గదా."

డెబ్బై ఏళ్ళకు పైగా మేం ఆ పూతనే చెక్క అనుకున్నాం. ఆ పాత సామాను మనిషి గీకింది కూడా ఆ పూతనే.

కానీ తేనె రంగు చెక్కలు చాలా ఉన్నాయి. ఆయన ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాడు. టేకయితే ముట్టుకుంటే నూనె తగిలినట్టుంటుంది, కొత్తగా కోసినచోట తోలు వాసన కొడుతుంది, అడ్డకోతలో ఏటేటి వలయాలు కనబడతాయి. జిట్రేగి, అదే రోజ్‌వుడ్, ఊదా నలుపు చారలతో ఉంటుంది, తియ్యటి వాసన. వేపైతే పొట్టు నాలుక మీద పెట్టుకుంటే చాలు. పనస మొదట పసుప్పచ్చగా ఉండి రానురాను గోధుమ రంగుకు తిరుగుతుంది. మామిడి ఇన్నేళ్ళు పురుగుకు ఆగదు. మామిడి చెక్క సంగతి మాకూ తెలుసు, దామలచెరువు మామిడి సంత పక్కనే కదా మా ఊరు.

ఎర్రచందనం సంగతి తేల్చడానికి మనవణ్ణి ఇంటికి పంపి తిరుపతి బొమ్మ తెప్పించాడు. తిరుమలకు పోయినవాళ్ళు తెచ్చుకునే ఎర్రచందనపు ఆలుమగల బొమ్మల్లో ఒకటి. బకెట్లో వేస్తే బుడుంగున మునిగింది. మా పట్టె చివర విరిగిన ముక్కను వేశాడు. సగం మునిగి తేలింది. బొమ్మ అడుగున, మా ముక్క పైన. మేం ముగ్గురం బకెట్ చుట్టూ పిల్లల్లా కూర్చుని చూశాం.

తర్వాత చిత్రిక పొట్టు గాజు గ్లాసులో వేసి నీళ్ళు పోశాడు. అమ్మీ టీ పెట్టుకొచ్చేసరికి నీళ్ళు పలుచటి డికాక్షను రంగుకు తిరిగాయి. గ్లాసును ఎండలో పెట్టి, వెనక నల్ల గుడ్డ పట్టుకోమన్నాడు. నీళ్ళ అంచున నీలం మెరిసింది. నీళ్ళ మీద కిరసనాయిలు పడితే మెరిసినట్టు, అంతకంటే మెత్తగా.

"ఏగిస" అన్నాడు. "మీరు పుస్తకాల్లో వేగిస అంటారేమో. ఎర్రచందనం రంగు నీళ్ళకు ఇట్లా దిగదు, స్పిరిట్లో దిగుతుంది. ఈ నీలం ఏగిసకే."

ఆ చెక్కతో గ్లాసులు చేసి, రాత్రి నీళ్ళు పోసి పొద్దున తాగితే చక్కెర జబ్బు తగ్గుతుందని అమ్ముతారని కూడా చెప్పాడు. అమ్మీకి ఇరవై ఏళ్ళుగా చక్కెర. "మరి నేను పుట్టినప్పట్నుంచీ దీని మీదే పడుకున్నాను కదా, నాకెందుకొచ్చింది?" అని అడిగింది. ఆచారి దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి వృక్షశాస్త్రం పుస్తకాలు తిరగేశాం. ఎర్రచందనం పేరు టెరోకార్పస్ సాంటలైనస్. ఏగిస పేరు టెరోకార్పస్ మార్సూపియం. ఇంటిపేరు ఒకటే. ఒకే కొండల్లో పెరుగుతాయి. రెంటికీ కాయ చుట్టూ రెక్కలాంటి అంచు ఉంటుంది. ఏగిస మానుకు గాటు పెడితే ఎర్రటి బంక నెత్తురులా కారుతుంది. యునానీ మందుల్లో 'దమ్ముల్ అఖ్వైన్' అని ఒకటుంది. ఇద్దరు అన్నదమ్ముల నెత్తురు అని దాని అర్థం. అసలు ఆ పేరు వేరే దేశపు చెట్టు బంకది. మన అంగళ్ళల్లో ఏగిస బంకను కూడా ఆ పేరుతో అమ్మడం ఉంది. అన్నదమ్ముల్లో ఒకడు వందలసార్లు కోర్టుకెక్కాడు, ఇంకొకడి పేరు మేం విననే లేదు.

ఊపిరి తీసుకున్నాం అని రాస్తే అబద్ధం కాదు. కానీ ఆ ఊపిరిలో ఏదో అడ్డుపడింది. ఒకవేళ అది ఎర్రచందనమే అయి ఉంటే? ఈ కొండల కింద పాత ఇళ్ళల్లో ఎర్రచందనపు గుంజలు ఉండేవి. ఎవరో ఒక ఆచారి అందుబాటులో ఉన్న చెక్కతో మంచం చేసి ఉండొచ్చు. అప్పుడు నానీ దొంగ అయిపోయేదా? మేం చెక్క పేరు తెలుసుకోవాలనుకోలేదు. నిర్దోషులమని తేల్చుకోవాలనుకున్నాం. ఆచారికి ఆ రెండూ ఒకటి కావు. ఆయనకు చెక్క పేరు తెలిస్తే చాలు, ఎలా బాగుచేయాలో తెలుస్తుంది.

పని మర్నాడు మొదలైంది. మొదట తీగ విప్పాడు. తర్వాత మామూ కొట్టిన ఇనప మేకులు పీకాడు. ప్రతి మేకు చుట్టూ రూపాయి బిళ్ళంత నల్లమచ్చ. చెక్కకు పుట్టుకతో ఉన్న మచ్చలేమో అనుకున్నాం. కాదట. ఏగిసలో వగరు ఉంటుంది, ఇనుము తగిలి చెమ్మ పడితే నలుపెక్కుతుంది. మా తరం ముస్లింలకు ఖాదర్ మొహియుద్దీన్ 1991లో రాసిన 'పుట్టుమచ్చ' గుర్తురాకుండా ఉండదు. మచ్చ పుట్టుకది కాదు, ఎవరో కొట్టిన మేకుది. అయితే ఇక్కడ మేకు కొట్టింది మా మామూనే, ప్రేమతోనే, మంచం నిలబడాలనే. ఆ సంగతి కూడా రాయాలి కదా.

పట్టె ఊడడానికి కారణం, కోటి బెజ్జంలోకి పోయే నాలుక విరిగిపోవడం. కొత్త పట్టె వేస్తారేమో అనుకున్నాం. ఆచారి పట్టె చివర నిలువుగా గాడి తీసి, అందులోకి కొత్త నాలుక దిగగొట్టి అతికాడు. సగం పట్టెలో, సగం కోడులో. ఆ నాలుకకూ, కుళ్ళిన కోడు అడుక్కూ చెక్క కావాలి. కొత్త ఏగిస కొందామా అంటే తల అడ్డంగా ఊపాడు. ఎండిన చెక్కకు ఎండిన చెక్కే అతకాలి. పచ్చిది వేస్తే ఆరేటప్పుడు ముడుచుకుని బిగువు వదిలేస్తుంది. షెడ్డు వెనక పడగొట్టిన పాత ఇళ్ళ ద్వారబంధాలు పెట్టుకున్నాడు. అందులో ఒకటి ఏగిసది, ఒక బ్రాహ్మల ఇంటి గడప. పసుపు మరకలు ఇంకా ఉన్నాయి. అమ్మీ ముట్టుకుని చూసి ఏమీ అనలేదు. ఆ గడప ముక్క ఇప్పుడు మా నానీ మంచానికి నాలుగో కాలు కింద ఉంది.

కుళ్ళిన భాగం గట్టి చెక్క తగిలేదాకా కోశాడు. తిన్నగా కాదు, ఏటవాలుగా. ఏటవాలు కోతకు అతుకు ఎక్కువ మేర పట్టుకుంటుంది, బరువు ఒకచోటే పడదు. నార వాటం చూసి కొత్త ముక్కను తిప్పి తిప్పి పెట్టాడు. పై చెక్క నార ఎటు పోతుందో కింది ముక్కది అటే పోవాలి. ఆ ఒక్క అతుక్కే ఒక పూట పట్టింది. ఫెవికాల్ పూసి తాడు చుట్టి, తాడులో కర్ర దోపి మెలిపెట్టి బిగించి రాత్రంతా ఉంచాడు.

పట్టె అంచున తెల్లచెక్క ఉన్న మేర పురుగు తినేసింది. వేలితో నొక్కితే రవ్వలా రాలింది. పక్కనే చేవకు ఒక్క తూటు లేదు. "పురుక్కు తెలుసు ఏది చేవో" అన్నాడు. ఆ రవ్వంతా గీకేసి, తూట్లలో వేపనూనె పోసి ఎండలో పెట్టాడు.

అన్నింటికంటే మాకు నచ్చింది చీలల పని. కోడుకూ నాలుక్కూ కలిపి బెజ్జం వేసి వెదురు చీల దిగగొట్టాలి. అయితే రెండు బెజ్జాలూ సరిగ్గా ఎదురెదురుగా వేయలేదు. నాలుకలోని బెజ్జాన్ని అర నూలు లోపలికి జరిపి వేశాడు. పొరపాటు పడ్డాడనుకుని మేం చెప్పబోయాం. "గమ్మునుండు" అన్నాడు. చీల ఆ వంకర దారిలో దూరుతూ పట్టెను కోడులోకి లాగేసింది. ఒక్కో దెబ్బకు సందు మూసుకుపోవడం కంటికి కనపడింది. మేకు అక్కర్లేదు, మరచుట్టు అక్కర్లేదు. రేపు విప్పాలంటే చీలను వెనక నుంచి కొడితే వస్తుంది.

ఆచారి పనిచేస్తున్నన్నాళ్ళూ ఒక పాత సంగతి మమ్మల్ని పొడుస్తూనే ఉంది. ఈ మంచం పరుపుకు ఏటా దూది ఏకడానికి దూదేకుల తాత ఒకాయన వచ్చేవాడు. నానీ ఉర్దూలో అడిగేది, ఆయన తెలుగులో చెప్పేవాడు. ఆయన వెళ్ళాక పెద్దవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నమాజు సూరాలు కూడా తెలుగు యాసలో చదువుతాడని. "అసల్ నై" అనేవాళ్ళు. అసలు వాడు కాదు అని. మేమూ నవ్వాం. ఆయన బిడ్డలకు బి.సి.-బి కాగితం ఉందని, మాకు ఏదీ లేదని అసూయపడ్డాం కూడా. 2007లో బి.సి.-ఇ వచ్చాక ఆ కాగితం కోసం మా చుట్టాలే వరుసలో నిలబడ్డారు. మమ్మల్ని గీకి చూసేవాళ్ళ గురించి ఇన్ని పేజీలు రాస్తాం. ఆయన్ని మేం గీకి చూడలేదా? ఆ తాత ఏకిన దూది ఇంకా ఆ పరుపులోనే ఉంది. ఉండలు కట్టింది. ఇప్పుడు ఏకేవాళ్ళు పాకాలలో మాకు దొరకలేదు.

ఎనిమిదో రోజు లక్క పాలిష్ అయింది. ఈసారి కావి పూయవద్దన్నాం. తేనె రంగులో, మేకుల మచ్చలతో, ఒక కాలి అడుగున వేరే ముదురు రంగుతో మంచం బయటపడింది. ఆచారి కూలి తీసుకుని పనిముట్లు సర్దుకుంటుంటే మామూ కొడుకు దగ్గరికి వెళ్ళి నసిగాడు.

"ఆచారీ, ఇది ఏగిస అని ఒక చీటీ రాసిస్తావా?"

ఆయనకు అర్థం కాలేదు. "మంచానికి చీటీ ఏంది అబ్బోడా?"

ఎవరమూ మాట్లాడలేదు. ఆయన మా మొహాలు ఒక్కొక్కటే చూశాడు. బకెట్ దగ్గర ఆ రోజు మేం ఎందుకు అంతగా వంగి చూశామో అప్పుడు తెలిసినట్టుంది. గోడకున్న క్యాలెండరు నుంచి పోయిన నెల కాగితం చింపి, వెనకవైపు చెవి సందున ఉన్న పెన్సిలుతో రాశాడు. ఈ మంచం ఏగిస చెక్కది, నేను చూసి బాగుచేసినాను. కింద సంతకం, తేదీ. "నా మాటకు యాడ ఇలవుంటాదో నాకు దెలీదు. ఉంచుకోండి" అన్నాడు. కూలిలోంచి వంద రూపాయలు తీసి అమ్మీ చేతిలో పెట్టాడు. ఎందుకంటే చెప్పలేదు. అమ్మీ తిరిగి ఇవ్వలేదు. ఆమె కూడా ఎందుకో చెప్పలేదు.

మంచం విప్పి టెంపోలో వేసి తిరుపతికి, మా ఇంటికి తెచ్చుకున్నాం. చీటీ మా చొక్కా జేబులో ఉంది. చంద్రగిరి దాటేదాకా దాన్ని రెండుసార్లు తడుముకున్నాం. దారిలో ఎవరూ ఆపలేదు.

గాట్లు చూసుకుంటూ మేమే బిగించుకున్నాం. ఒంటి గాటు ఒంటి గాటులోకి, రెండు రెండులోకి. అమ్మీ దూరం నుంచి "అది నేను, అది మీ మామూ" అంటూ చెప్పింది. చీటీని రేకుపెట్టెలో నానా పెన్షను కాగితాల పక్కన పెట్టాం.

మర్నాడు పొద్దున అమ్మీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిద్ర పట్టలేదా అని అడిగాం.

"కైసే ఆతీ? కిర్రు అనడం లేదు. రాత్రంతా ఎవరి మంచం మీద పడుకున్నానో అనిపించింది" అంది. ఆచారికి ఫోన్ చేసి ఒక చీల కాస్త వదులు చేయమని అడగమంటోంది. ఇంకా అడగలేదు.